పర్దా అవతల పెన్సిలిన్

నర్సు చదువు చదివే పిల్లలు నలుగురు మొన్న మా ఇంటికొచ్చిండ్రు. మీ సర్వీసుల మంచి కేసు ఒకటి చెప్పుండ్రి అమ్మమ్మా, రాసుకుంటం అన్నరు. మంచి కేసులు ఎవరికి యాదుంటయి బిడ్డా? నయమైనోళ్ళు దండం పెట్టి పోతరు. మళ్ళ బజార్ల ఎదురుపడితే మనల్ని గుర్తు సుత పట్టరు. ఆ పిల్లలకు చాయ్ పోసి, కవలపిల్లల కాన్పు ముచ్చట ఒకటి చెప్పి, నవ్వించి పంపిన. వాళ్ళు గేటు దాటినంక నా మీద నాకే కోపమొచ్చింది. చెప్పాల్సింది దాచుకొని చెప్పుకోదగ్గది చెప్పిన. గందుకే గిది రాస్తున్న, వాళ్ళే చదువుకోని.

పోలీస్ యాక్షన్ అయిన ఏడు నాకు ఇరవై ఆరేండ్లు. పుట్టింది సికింద్రాబాద్లనే, చర్చి బడిల చదివి, మిషన్ దవాఖానల నర్సు పని నేర్చుకున్న. తర్వాత సీతాఫల్‌మండిల ఒక డాక్టర్ సాబ్ దగ్గర కుదిరిన. పెద్దాయన. మే నెలల సుత కోటు విప్పకపోతుండె. చేతి మీద మంచి పేరు, నోటి మీద చెడ్డ పేరు. ఆయనకు రెండు మాటలు పడకపోతుండె. ఒకటి, "తెల్వదు సార్". రెండోది, నాటు మందు. ఒకసారి నేరేడ్‌మెట్ల ఒకరింటికి పోతే, జ్వరమొచ్చిన పిల్లగాని పొట్టమీద ఏదో ఆకు నూరి పట్టేసి ఉన్నది. ఆయన అది చూసిండు. బ్యాగు మూసిండు, టోపీ పెట్టుకున్నడు, రిక్షా ఎక్కిండు. సూదుల డబ్బా చేతుల పట్టుకొని నేను రిక్షా ఎనక ఉరికిన. ఆ పిల్లగాడు ఆకుతోనే బతికిండని తర్వాత తెలిసింది గని, ఆయనకు చెప్పే ధైర్యం ఎవరికున్నది?

నా పనేందో జెర చెప్పాలె, లేకపోతే మీకు సమజ్ కాదు. పర్దా పాటించే ఇండ్లల్ల డాక్టర్ సాబ్ బయటి అర్రల కుర్చీల కూసుంటుండె. నడుమ ఒక పర్దా. నేను లోపలికి పోయి రోగిని చూస్తుంటి. ఆయన బయటి నుంచే అడుగుతుండె, ఎంతుంది, మెత్తగున్నదా, గట్టిగున్నదా, కదులుతున్నదా, కాలుతున్నదా అని. నేను చెప్పేది విని చీటీ రాస్తుండె. ఆయన వేళ్ళు నా చేతికి ఉన్నయన్నట్టు. నాకు మస్తు గర్వముండె ఆ పనంటే. పెద్ద డాక్టరు కండ్లు మూసుకొని నా మాట మీద మందు రాస్తున్నడంటే చిన్న సంగతా?

ఇగ పెన్సిలిన్ సంగతి. మన నిజాం రాజ్యానికి బయటి నుంచి సామాను బంద్ పెట్టిన రోజులల్ల, ప్రాణం పొయ్యేటోనికి సుత అది దొరకలే. ఒక్క సీసా కోసం మనుషులు కంటోన్మెంటంత తిరిగిండ్రు. యాక్షన్ అయిపోయి తొవ్వలు తెరిసినంక, రబ్బరు మూతల చిన్న చిన్న సీసాలు బుట్టలల్ల దిగినయి. మనిషికి కరువు తీరితే ఆగుతడా? పడిశానికి పెన్సిలిన్, పంటి నొప్పికి పెన్సిలిన్, కాలు బెణికితే పెన్సిలిన్. ఇంటికొచ్చిన సుట్టాన్ని చూసి, వచ్చినవు గద, నువ్వూ ఒక సూది ఏయించుకో అన్నోళ్ళను నేనెరుగుదు. మేము వద్దనలే. అడిగినోళ్ళకల్ల పొడిచినం. గల్లీలకు నేను పోతుంటే పిల్లలు "పెన్సిలినమ్మ వచ్చె" అని ఇండ్లల్లకు ఉరుకుతుండ్రి. సిగ్గులేకుండ చెప్తున్న, నాకు ఆ పేరు నచ్చింది.

ఆ చలికాలం షురూల కార్ఖానా బస్తీ నుంచి ఒక దర్జీ వచ్చిండు. నిజాం ఫౌజుకు వర్దీలు కుట్టిన మనిషి. ఆ ఫౌజే లేకపోయె, ఇగ పనేడిది? పైంగ ఆయన తమ్ముణ్ణి యాక్షన్ తర్వాత పట్టుకపోయిండ్రు. ఏ జైల్ల ఉన్నడో తెల్సుకునుడే పెద్ద తక్లీఫ్ అయింది. గివన్ని చెప్పుకున్నంక చివర్న, మా ఇంటామెకు రొమ్ముల గడ్డ లేసింది, మంటకు నిద్రపోతలేదు అన్నడు. మాట తెలుగే, నడుమ నడుమ ఉర్దూ. తలకాయ దించుకొని చెప్పిండు.

మేము రిక్షాల పోయినం. ఆమెకు ముప్పై నాలుగు, ముప్పై అయిదేండ్లుంటయి. ముగ్గురు పిల్లలు. నాకంటే పెద్దది గనుక ఆపా అని పిలిచిన. పర్దా అవతల ఆమె పక్కపొంటి ఆమె అత్త కూసున్నది. నేను రవికె పక్కకు జరిపి చూస్తే చర్మం ఎర్రగ కమిలి, నడుమ నల్లటి మరక, చుట్టు బొబ్బలు. ఆ నలుపు నాకెరుకే. నల్లజీడి గింజ కాల్చి తీసిన నూనె పెడితే గట్లనే అయితది. మా నాయనమ్మ సుత మోకాలు వాపుకు పెట్టుకొని ఒళ్ళంత పొక్కిచ్చుకున్నది. నేను ముసలామె దిక్కు చూసిన. ఆమె కండ్లు దించింది. ఆపా నా చెయ్యి పట్టుకొని చెవుల చెప్పింది, గడ్డ రంజాన్ ముందట నుంచే ఉన్నదని, ఇంటాయనకు ఈ వారమే చెప్పిందని. మరిది జైల్ల ఉండె, పని లేకపాయె, నా గడ్డ సంగతి సుత ఎందుకు అనుకున్నదట. అత్తకు మాత్రం చెప్పింది. అత్త తనకు తెల్సిన మందు పెట్టింది. జీడి సంగతి డాక్టర్ సాబ్‌కు చెప్పకమ్మా, లేసి పోతడంట గద అన్నది. మా సార్ కీర్తి కార్ఖానా దాక పోయింది మరి.

నేను తలకాయ ఊపిన. ఇది నా మొదటి తప్పు.

రెండోది ఆ ఎంబడే జరిగింది. బయటి నుంచి సార్ అడుగుడు షురూ చేసిండు. ఎంతుంది? నిమ్మకాయంత సార్. ఎర్రగున్నదా? ఉన్నది సార్. కాలుతున్నదా? కాలుతున్నది. కదులుతున్నదా?

బొబ్బల మీద చెయ్యి పెడితే ఆపా పండ్లు కొరుక్కుంటున్నది. పట్టి చూసినట్టు చేసిన గని, సరిగ్గ పట్టలే. వేళ్ళకు తగిలినంత మట్టుకు చెప్పాల్నంటే, అది రాయి లెక్క ఉండె, పక్కకు జరగలే. జరగలేదా, నేనే జరపలేదా? ఖరారుగ తెల్వదు. కిందటి వారమే ఒక ఇంట్ల నేను "తెల్వదు సార్" అంటే, ఆ ఇంటి మొగోళ్ళ ముందట ఆయన, తెల్వనిదానివి కండ్లెందుకు మోస్తున్నవని అడిగిండు. ఆ మాట ఇంక చెవులల్ల మోగుతున్నది.

"కదులుతది సార్," అన్న.

చీము గడ్డ అని ఆయన తేల్చేసిండు. ఎర్రగుండి, కాలుతూ, కదిలేది ఇంకేమయితది? ఆయన తప్పేం లేదు. నేను చెప్పిన మాటలకు అది సరైన జవాబే. పెన్సిలిన్ రాసిండు, రోజు ఒకటి, నూనెల కలిపినది. లావు సూది కావాలె దానికి, తేనె లెక్క చిక్కగుంటది, తొందరగ జారదు. పొద్దుగాల తొమ్మిదింటికి నేను పోతుంటి, పొయ్యి మీద సూది ఉడకబెట్టి, పిర్రకు పొడిచి, ఒక కప్పు చాయ్ తాగి వస్తుంటి.

వారం తిరిగేసరికి ఎరుపు పోయింది, బొబ్బలు ఎండినయి, మంట తగ్గింది. తగ్గక ఏమయితది? జీడి పెట్టుడు బంద్ చేసిండ్రు గద. గని మెచ్చుకోలు పెన్సిలిన్‌కు పోయింది, దాంతోని నాకు సుత. ఇంట్ల సేమ్యాలు వండిండ్రు. దర్జీ నాకు ఒక జాకెట్టు కుట్టిచ్చిండు, కొలత తీయకుండనే సరిపోయింది. గల్లీల ఆడోళ్ళందరు సూదులకు వచ్చిండ్రు. లోపలి గడ్డ మాత్రం నిమ్మకాయంతది నిమ్మకాయంతనే ఉన్నది. సార్‌కు చెప్తే, మొండిది, ఇంకో పది సూదులు ఏయి అన్నడు.

ఆ పది అయినయి. ఇంక పది అయినయి. నడుమల ముసలామెకు ఆగబుద్ధి కాలే. సూది పైపైన మాన్పింది, వేరును మాత్రం జీడే లాగాలె అనుకున్నది. మళ్ళ పెట్టింది. మళ్ళ పొక్కింది. మళ్ళ పెన్సిలిన్. ఆపాకు రెండిటి మీద నమ్మకమే. పొద్దుగాల నా సూది, మాపటికి అత్త మందు, రెండు కలిస్తే తొందరగ పోతది అన్నది నాతోని నవ్వుకుంట. నేను సుత నవ్విన. జీడి పొక్కిస్తున్నది, పెన్సిలిన్ ఆర్పుతున్నదనుకుంటున్నం, మేము ముగ్గురాడోళ్ళం మా చేతులతోని ఒక రోగాన్ని పుట్టిచ్చి, దాన్ని మేమే నయం చేసి, ప్రతిసారి సంబురపడుతున్నం. అసలు రోగం ఎవరి జోలికీ రాకుండ దాని తొవ్వల అది పోతున్నది. నాలుగు నెలలు గట్ల నడిచింది. నాలుగు నెలలు నేను రోజు ఆ ఇంటికి పోయిన బిడ్డా. నెలకోసారి చూసిన మనిషిని కాదు.

అనుమానం రాలేదా అని అడుగుతరు. వచ్చింది. మిషన్ దవాఖానల ట్రైనింగప్పుడు గట్లనే రాయి లెక్క కదలని క్యాన్సర్ గడ్డలను చూసిన, చేత్తోని పట్టిన. ఒక్కోసారి రిక్షాల వాపస్ వస్తుంటే అవే యాదికొస్తుండె. గని సార్‌కు ఏమని చెప్పాలె? నేను ఆ రోజు అబద్ధం చెప్పిన సార్ అనాలె, జీడి సంగతి నాలుగు నెలలు దాచిన అనాలె. దినాలు గడిచిన కొద్ది ఆ మాట బరువైంది. ఇయ్యాల కాదు రేపు అనుకున్న. రేపటికి ఎర్రదనం తగ్గుతుండె, నాకు దమ్ము దొరుకుతుండె.

చలి తగ్గి ఎండలు మొదలైనయి. ఒకనాడు పొద్దుగాల నేను పోయేసరికి ఆపా చిన్న బిడ్డకు జడ వేస్తున్నది. ఎడమ చెయ్యి పైకి లేస్తలేదు. కుడి చేత్తోనే వెంట్రుకలు దువ్వి, పండ్లతోని రిబ్బన్ పట్టుకొని ముడేస్తున్నది. ఎన్ని రోజుల సంది అని అడిగిన. పదిహేను రోజులుంటయి, సూదుల నొప్పేమో అన్నది. పిర్రకు పొడిస్తే చెయ్యి నొయ్యదు. నేను చంకల చెయ్యి పెట్టిన. గట్టిగ, గోలీల లెక్క మూడు తగిలినయి. అప్పుడు గడ్డను సుత పట్టిన, ఈసారి సరిగ్గ. పక్కటెముకలకు అంటుకొని ఉన్నది. ఎటు నూకినా జరగలే.

సూది ఏయలే ఆ రోజు. దవాఖానకు వాపస్ పోయి, కుర్చీల కూసున్న సార్ ముందట నిలబడి అంత చెప్పిన. జీడి సంగతి, ముసలామె సంగతి, ఆపా బతిమాలిన సంగతి, చివర్న కదులుతదన్న మాట. తిడతడనుకున్న. కొడతడని సుత అనుకున్న. ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టిండు. తర్వాత, పా, పోదాం అన్నడు. బయట పది మంది రోగులున్నరు, వాళ్ళను మాపటికి రమ్మన్నడు.

కార్ఖానాల దర్జీ ఇంటి ముందట మెషిన్ ఏసుకొని ఏదో పాత ప్యాంటుకు అతుకు వేస్తున్నడు. సార్ ఆయనకు దగ్గర పోయి, చిన్న గొంతుతోని, నీకు కష్టమైతదని తెల్సు గని నేను లోపలికి పోయి నా చేత్తోని చూడాలె, ఒప్పుకోవాలె అన్నడు. ఆ మనిషి మెషిన్ ఆపి సార్ మొఖం దిక్కు అట్లనే చూసిండు.

"ఒద్దని మేమెప్పుడన్నం డాక్టర్ సాబ్?" అన్నడు. "మొదటి రోజు మీరే పర్దా ఇవతల కూసున్నరు. పెద్ద డాక్టరు, గరీబోళ్ళ ఇంట్ల లోపలికి రాడేమో అనుకున్నం. మీరు అడిగితే గద."

ఇన్నేండ్ల సంది ఎన్ని ఇండ్లల్ల ఆ పర్దా అవతల నేను, ఇవతల ఆయన! అది వాళ్ళ పద్ధతి అని మేమనుకున్నం, మా పద్ధతి అని వాళ్ళనుకున్నరు. అన్ని ఇండ్లు అట్లనే కాదు, కొన్నిండ్లల్ల నిజంగనే ఒప్పుకోకపోదురు. గని ఒక్క ఇంట్ల సుత మేము నోరు తెరిచి అడగలే.

సార్ లోపలికి పోయి రెండు నిమిషాలల్ల బయటికొచ్చిండు. పెద్ద దవాఖానకు చీటీ రాసి, తనే ఎంబడి వచ్చిండు. అక్కడి సర్జన్ పట్టి చూసి, చంకల చూసి, మెడ మీద చూసి, ఆమెను బయట కూసోమన్నడు. ఇది క్యాన్సర్ అని ఇంగ్లీషుల చెప్పిండు, నాలుగు నెలల కింద తెస్తే కోసి చూద్దుము, ఇప్పుడు కోస్తే కోతే మిగులుతది అన్నడు. ఆ రోజులల్ల దీనికి కత్తి తప్ప వేరే తొవ్వ ఉన్నది తక్కువే. అప్పుడే కోసినా బతుకుతుండెనో లేదో, ఆ సర్జన్ సుత ఖరారు చెప్పలే. ఆ మాట పట్టుకొని నేను కొన్నేండ్లు నన్ను నేను సముదాయించుకున్న. ఇప్పుడు ఆ పని బంద్ చేసిన. ఆమెకు బతికేటందుకు ఉన్న ఒక్క మౌకా నా నోట్ల నుంచి పోయింది, అంతే.

సార్ ఆ తర్వాత ఇంక పన్నెండేండ్లు ప్రాక్టీసు చేసిండు. నాటు మందు అంటే బ్యాగు మూసుడు మానేసిండు. రోగి ఇంట్ల కూసోంగనే, ఏం రాసుకున్నరు, ఏం తాగిండ్రు, చెప్పుండ్రి, నేనేమనను అని అడుగుతుండె. ఆయనకు ఆ మాట అలవాటు లేదు గద, ఎవరో బలవంతంగ అనిపిస్తున్నట్టు అంటుండె. జనం మొదట భయపడ్డరు, తర్వాత చెప్పుడు షురూ చేసిండ్రు. పెన్సిలిన్ సుత అడిగినోళ్ళకల్ల ఇచ్చుడు తగ్గించినం. కొందరు మమ్ముల విడిచి వేరే డాక్టరు దగ్గరికి పోయిండ్రు, పోతే పోనీ అన్నడు.

మీ కాలంల సుత చూస్తున్న. క్యాన్సర్ అని తేలినంక మనిషి ఊరకుంటడా? ఒకరు ఆకు రసం అంటరు, ఒకరు మూత్రం అంటరు, ఒకరు ఎక్కడనో అడవిల ఇచ్చే పొడి అంటరు. జెర జ్వరమొస్తే దుకాణంల అడిగి తెచ్చుకున్న గోలీలు మింగుతరు. డాక్టరుకు ఒక్కటి సుత చెప్పరు, ఎందుకంటే ఆయన మొఖం మా సార్ మొఖం లెక్కనే ఉంటది. దాచే రోగి మీద కోపం చేసుకోకుండ్రి బిడ్డా. మనల్ని చూస్తే దాచబుద్ధి ఎందుకయిందో అది చూసుకోండ్రి.

ఆపా ఇంకో ఏడు నెలలు బతికింది. గడ్డ పగిలి పుండయింది. కట్టు కట్టేటందుకు నేను రోజు పోయిన, సార్ పొమ్మనకున్నా పోతుంటి. మరిది విడుదలై ఇంటికొచ్చిండు, ఆ సంతోషం ఆమెకు దక్కింది. ముసలామె మాత్రం తన జీడి మందుతోనే పుండయిందని ఏడుస్తుండె. కాదు, అది వేరే, దీనికి దానికి సంబంధం లేదని నేను ఆమె చేతుల మీద చెయ్యేసి చెప్పిన. ఆపా అట్ల చెప్పమని నన్ను అడిగింది. నిజానికి అది అబద్ధం సుత కాదు. ముసలామె తెల్వక చేసింది. తెల్సి చేసింది నేను.

ఆ సంగతి ఆపాకు చెప్పకుండ ఉండలేకపోయిన. వానాకాలంల ఒక మధ్యాహ్నం, పిల్లలు బడికి పోయిండ్రు, అత్త నమాజ్ చేసుకుంటున్నది. పాత కట్టు విప్పుకుంట చెప్పిన. ఆపా, మొదటి రోజు డాక్టర్ సాబ్ కదులుతదా అని అడిగిండు గద, అది కదల్లే, నేను అబద్ధం చెప్పిన. తలకాయ ఎత్తలేకపోయిన. దూదితోని తుడుసుకుంటనే ఉన్న, తుడిచిందే తుడుస్తున్న.

ఆమె నా చేతుల దూది తీసి పక్కకు పెట్టి, మెల్లగ చెప్పింది.

"నాకు తెల్సు చెల్లె. నా ఒళ్ళే గద, అప్పటికే నాలుగు నెలల సంది రోజు పట్టి చూసుకుంటున్న. ఎన్నడు కదల్లే అది. నువ్వు కదులుతదని చెప్పంగనే ఎంత సంతోషమైందో! చదువుకున్న పిల్ల, దాని చెయ్యి అబద్ధమాడదు, నా చెయ్యే తప్పు చూసి ఉంటది అనుకున్న. ఆ రోజు సంది ఇగ పట్టి చూసుకోలే."

నేను కొత్త కట్టు కట్టిన. ఆమె నన్ను మాఫ్ చేసిందో లేదో చెప్పలే. నేను అడగలే.